వెనక నిలబడేది ఎవరు?

అది 2023, వానాకాలం చివర. హౌరాలో టికియాపారా రైలు పట్టాలకు కాస్త ఇవతల, ఒక టైర్ల కొట్టుకూ రేడియేటర్లు అతికే మరో కొట్టుకూ మధ్య ఉంటుంది నా షాపు. బండ్లకు కరెంటు పని చేస్తాను. ఇంజిన్ జోలికి పోను, బ్రేకుల జోలికి పోను. దీపాలు, హారన్, స్టార్టర్, బ్యాటరీ, వాటి మధ్య తిరిగే తీగలు. నా పనంతా అంతే.

దుర్గాపూజకు ముందు ఈ ఊళ్లో చక్రాలున్న ప్రతి బండీ వెదురు మోస్తుంది. పందిళ్లు వేసేవాళ్లను ఇక్కడ డెకరేటర్లు అంటారు. వాళ్ల గోడౌన్ల నుంచి బొంగులు, తెరల మూటలు, తాళ్ల చుట్టలు పేటపేటకూ వెళ్తుంటాయి. మిగతా ఏడాది ఎలా గడిచినా చిన్న పికప్‌ల వాళ్లు ఈ పనితోనే ఒడ్డున పడతారు. అందుకే ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చే అందరిదీ ఒకే మాట: "దాదా, ఇవాళే కావాలి."

కాకినాడ నుంచి వచ్చి నేను పని నేర్చుకున్నది ఇక్కడే, ఒక దినపత్రిక వాన్ల షెడ్డులో. ఒక్క వాను మొరాయిస్తే ఒక పేటకు పేపరు వెళ్లదు, పొద్దున్నే ఫోన్లు మోగుతాయి. అక్కడి ఫోర్‌మన్ బెంగాలీ పెద్దాయన. "ముందు డ్రైవర్‌ని అడుగు, తర్వాతే బానెట్ ఎత్తు" అని నేర్పాడు. బండి చెప్పని సంగతులు డ్రైవర్ చెబుతాడని ఆయన నమ్మకం. ఆ ఒక్క పాఠంతోనే చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. అది సగం పాఠమేనని దాసు పికప్ వచ్చేవరకు నాకు తట్టలేదు.

దాసు పూర్తి పేరు ప్రభుదాసు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో నా ముందు వరుసలో కూర్చుంటాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఇతను మాత్రం రైల్వేలోకి వెళ్లకుండా చాలాకాలం ప్రైవేటు బస్సు నడిపాడు. ఆ ఏడాది మొదట్లో బస్సు మానేసి, చేతులు మారిన ఒక పాత పికప్ కొనుక్కున్నాడు. నీలం రంగు ఎండకు వెలిసి బూడిద రంగులోకి తిరిగింది. ట్రాలీ రేకు అక్కడక్కడ అతుకులు వేసుకుంది. ఇంజిన్ చప్పుడు మాత్రం శుభ్రంగా ఉంది.

"వందనాలన్నా," అంటూ దిగాడు. "ఎనకాల లైట్లెట్టాల. సిన్నవి కాదు. గల్లీ అంతా పట్టపగల్లా అయిపోవాల."

"రివర్స్ లైటు ఉంది కదా?"

"ఉంది. అది ఎలుగుతున్నాదో లేదో సూడ్డానికి ఇంకో లైటు కావాల."

పక్క సీట్లోంచి వాళ్ల నాన్న యోహాను బాబాయి దిగాడు. ముందు ఒక కాలు నేల మీద పెట్టి, అది నిలిచిందని నమ్మకం కుదిరాక రెండోది పెట్టాడు. సంత్రాగాఛి యార్డులో షంటింగ్ పని చేసి రిటైరైన మనిషి. షంటింగ్ అంటే ఇంజిన్‌తో వ్యాగన్లను ముందుకీ వెనక్కీ నెట్టి, వరస కుదిర్చి రైలుగా కూర్చడం. ఇంజిన్ డ్రైవర్‌కి వ్యాగన్ల అవతల ఏముందో కనపడదు. నేల మీద నిలబడి చేత్తోనో, జెండాతోనో, చీకటి పడితే దీపంతోనో 'రా', 'ఆగు' అని చెప్పే మనిషే అతనికి కళ్లు. బాబాయి ఉద్యోగమంతా ఆ కళ్ల పనే.

"ఏటి బావూ, బాగున్నావా?" అన్నాడు నన్ను చూసి. "మావోడు నాకోసరం లైట్లెట్టిస్తన్నాడు. నాను గల్లీలో నిలబడి సిగ్నల్ ఇస్తన్నాను కదా. నా సెయ్యి సరిగ్గా కనపడాల కదేటి."

దాసు ఆ మాట విననట్టు టైరు వైపు చూశాడు. ఆయన ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి జరిగాడు.

"అన్నా, ఆ లైట్లు అయ్య సెయ్యి కనపడ్డానికి కాదు. అయ్య ఎనకాల నిలబడకుండా ఉండ్డానికి."

"ఏం జరిగింది?"

"మొన్నొక సాయంత్రం మా అయ్యని గుద్దీసినాన్నేను."

వాళ్లిల్లు గల్లీ చివర. ఇరుకు గల్లీ, లోపల బండి తిప్పుకునే చోటు లేదు. పొద్దున పిల్లలు బడికి వెళ్లే వేళ వెనక్కి రావడం ప్రమాదం కాబట్టి, సాయంత్రమే వెనక్కి నడుపుతూ లోపలికి వెళ్లి, పొద్దున ముందుకు బయటికి వస్తాడు. బండి కొన్నప్పటి నుంచి యోహాను బాబాయి గల్లీలో నిలబడి చెయ్యి ఊపుతూ కొడుకుని లోపలికి పిలుస్తాడు. వేసవి అంతా వెలుగుండగానే ఇల్లు చేరేవాడు, ఏ ఇబ్బందీ లేదు. పూజల పని మొదలయ్యాక చీకటి పడుతుండగా రావడం మొదలైంది.

"అద్దంలో అయ్య కనపడ్డాడు. రా రా అని సెయ్యి ఊపుతున్నాడు. అంతలోకి కనపడలేదు. తప్పుకున్నాడనుకున్నాను. గోడకి తగిల్తే సప్పుడొస్తాదన్నా. ఇది సప్పుడు రాలేదు. మెత్తగా తగిలింది." అతను చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "దేవుడి దయ. తుంటి కాడ కమిలిపోనాది, అంతే. పాకుడు మీద జారినానని గల్లీలో అందరికీ సెప్పీసాడు, నామీదకి రాకుండా."

ఆ రోజు నుంచి దాసుకు గల్లీ మొదట్లో రివర్స్ గేరు పడటం లేదు. గేరుది తప్పు కాదు, చెయ్యే కదలడం లేదు. బండిని పెద్ద రోడ్డు మీదే వదిలేస్తున్నాడు. అక్కడ దొంగలు బ్యాటరీ ఎత్తుకుపోయారు కూడా, అప్పు తెచ్చిన బ్యాటరీతో వచ్చాడు. ఈసారి టైర్లు పోతే పూజల పని మొత్తం పోతుంది. ఇంట్లో భార్య గ్రేసమ్మ ఇంకో మాట అనేసింది: మావయ్య మళ్లీ బండి వెనకాల కనపడితే తాను వెళ్లి బండి ముందు పడుకుంటుందట.

"లైట్లుంటే నాకు నానే సూసుకుంటాను. అయ్య ఇంట్లో కూకుంటాడు."

"ఆ మాట బాబాయికి చెప్పావా?"

"నాను సెప్పలేనన్నా. ఆ పని ఒక్కటే ఉంది ఆయనకి. సాయంత్రం అయ్యేసరికి సొక్కా మార్చుకుని రెడీగా ఉంటాడు. నువ్వు సెప్పు. లైట్లొచ్చేసినాయి, ఇంక మనిషక్కర్లేదని మిస్త్రీ సెప్తే ఇంటాడు."

అప్పుడే బాబాయి మా ఇద్దరికీ మట్టి కప్పుల్లో టీ పట్టుకుని వచ్చాడు. ముందు దీపాలు పెడదాం, ఆ సంగతి తర్వాత అనుకున్నాను.

పాత బండికి కొత్త దీపాలు బిగించడం చిన్న పని. తీగ ఎక్కడి నుంచి రావాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ రాసుకుంటుంది అన్నదే అసలు పని. గేర్‌బాక్స్ పక్కన బొటనవేలంత రివర్స్ స్విచ్ ఒకటి ఉంటుంది. రివర్స్ గేరు పడగానే అది లోపలికి నొక్కుకుని వెనక దీపానికి కరెంటు పంపుతుంది. దాసు బండిలో దాని రబ్బరు టోపీ ఎప్పుడో ఊడిపోయింది, లోపల తుప్పు. దాన్ని మార్చాను. కానీ అక్కడి నుంచి వెనక్కి పోయే తీగ చాలా సన్నం. ఒక చిన్న బల్బు కోసం కంపెనీ వేసిన తీగ. దానికే రెండు పెద్ద దీపాలు తగిలిస్తే తీగ వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. చాలామంది అలాగే మెలేసి టేపు చుట్టి పంపేస్తారు. మొదటి వానకే ఆ బండ్లు నా దగ్గరికి వస్తాయి.

అందుకే రిలే వాడతాం. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బా అది. రివర్స్ స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటు దానికి కబురు మాత్రమే చెబుతుంది. కబురు అందగానే అది బ్యాటరీ నుంచి విడిగా తెచ్చిన లావు తీగను దీపాలకు కలుపుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి, తీగ ఎక్కడ తెగి రేకుకు తగిలినా అక్కడే ఆగిపోవాలి. రేకు కన్నంలోంచి తీగ దూరేచోట రబ్బరు ఉంగరం. సైలెన్సర్‌కు దూరంగా, చాసిస్ వెంట గొట్టంలో పెట్టి కట్టాలి. జాయింట్లు చక్రాల కంటే పైన ఉండాలి, ఎందుకంటే హౌరా రోడ్ల మీద వాన పడితే బండ్లు పడవల్లా వెళ్తాయి. చివరికి ఎర్తు. రంగు గీకి మెరిసే ఇనుము కనపడ్డాక బోల్టు బిగించి గ్రీజు పూయాలి. పాత బండ్లలో వెలగని దీపాల్లో ఎక్కువ వాటికి జబ్బు ఎర్తు దగ్గరే.

ఈ పనంతా యోహాను బాబాయి బోర్లించిన డబ్బా మీద కూర్చుని చూశాడు. నేను తీగను ఎక్కడ కట్టినా లాగి చూసేవాడు.

"మీ కాకినాడోళ్ళు పని నెమ్మదిగా సేస్తారు, గానీ గట్టిగా సేస్తారు," అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

దాసుకు ఇంకో కోరిక కలిగింది. "అన్నా, డేష్‌బోర్డు మీద కూడా ఒక స్విచ్ ఎట్టీ. హైవే మీద ఎనకోడు హైబీమ్ ఏసి సంపుతాడు. మనం కూడా ఒకసారి ఏసీయొచ్చు."

"పెట్టను. వాడి కళ్లు చెదిరితే వచ్చి గుద్దేది నీ బండినే."

"ఆ మాటా నిజమే," అని ఆ కోరిక వదిలేశాడు.

దీపాలు రెండూ ట్రాలీ వెనక తలుపుకు అటూ ఇటూ, నడుమెత్తున, తిన్నగా వెనక్కి చూసేలా బిగించాను. రివర్స్ గేరు వేయగానే షాపు ఎదురుగా ఉన్న గోడ మీద సినిమా పోస్టర్లోని అక్షరాలన్నీ చదవొచ్చు. టైర్ల కొట్టు వాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి మెచ్చుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది. ఆ అడ్డం పెట్టుకున్న చేతుల్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

బండి ఎక్కడ తిరుగుతుందో అక్కడికి వెళ్లి చూడటం షెడ్డు నుంచి వచ్చిన అలవాటు. సాయంత్రం వాళ్లతో గల్లీకి వెళ్లాను. దాసు గల్లీ మొదట్లో బండి ఆపాడో లేదో, ఎవరూ ఏమీ అనకముందే యోహాను బాబాయి దిగి, లోపలికి నడిచి తన చోట నిలబడ్డాడు.

దాసు నావైపు తిరిగాడు. "సెప్పలేదేటి?"

"నువ్వు చెబుతావనుకున్నాను."

"నాను సెప్పగలిగితే నిన్నెందుకు అడుగుతాను?"

నేను పక్క సీట్లో కూర్చున్నాను. అతను గేరు రాడ్డు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత రివర్స్ వేశాడు. గల్లీ ఒక్కసారిగా తెల్లబడింది. గోడల మీది నాచు, ఆరేసిన బట్టలు, వీధి కుళాయి దగ్గరి బకెట్ల వరస, అన్నీ కనపడ్డాయి. కుళాయి ఎదురింటి బెంగాలీ ఆవిడ మాలతీ మాసీ కిటికీలోంచి "ఓ మా, ఎ కీ ఆలో రే!" అని అరిచింది. అయ్యో ఇదేం వెలుగని. ఎవరి పెళ్లి ఊరేగింపని కూడా అడిగింది.

బండి మెల్లగా వెనక్కి కదిలింది. దాసు వైపు అద్దంలో బాబాయి కనపడుతున్నాడు. కుడిచెయ్యి ఒంటికి అడ్డంగా ఇటూ అటూ ఊపుతున్నాడు, నావైపు రా అని. కాస్త దూరం వచ్చాక ఆ చెయ్యి కళ్ల మీదికి వెళ్లింది. దీపాలు నేరుగా ముఖం మీద కొడుతున్నాయి. ముఖం తిప్పుకుని ఒక అడుగు పక్కకు వేశాడు. అద్దం ఖాళీ అయింది.

"అయ్య తప్పుకున్నాడు," అన్నాడు దాసు. బండి ఆగలేదు.

నాకెందుకో అనుమానం వచ్చి ఎడమ కిటికీలోంచి తల బయటికి పెట్టాను. ఆయన కుళాయి దగ్గర, మాకు వీపు పెట్టి, వంగి ఒక బకెట్‌ను పక్కకు లాగుతున్నాడు. బండి ఆయన వైపే పోతోంది. గుమ్మంలోంచి గ్రేసమ్మ కేక వినపడింది. నేను హ్యాండ్‌బ్రేక్ గుంజాను. ఇంజిన్ దభీమని ఆగిపోయింది.

దాసు దూకి వెనక్కి పరుగెత్తాడు. బాబాయి బకెట్ పట్టుకుని నిలబడి, వీళ్లెందుకు అరుస్తున్నారో తెలియక చూస్తున్నాడు. బండికీ ఆయనకీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు.

"అయ్యా! బండొస్తుంటే ఈపు తిప్పి వొంగుంటావేటి?"

"బండెందుకొస్తాది? నాను కనపడ్డం లేదు కదా!"

"అదే నానంటాను. కనపడ్డం లేదు కాబట్టి తప్పుకున్నావనుకున్నాను."

"కనపడకపోతే ఆపీయాలిరా!"

"ఎవరు సెప్పారు?"

"ఎవరు సెప్పడమేటి? ఇంజిన్ డ్రైవర్లందరికీ తెలుసు."

"నాను ఇంజిన్ డ్రైవర్నేటి, అయ్యా?"

గ్రేసమ్మ బకెట్ ఆయన చేతిలోంచి తీసుకుని కుళాయి కింద పెట్టింది.

నేను దాసును అడిగాను, "బస్సు వెనక్కి పెట్టేటప్పుడు కండక్టర్ ఏం చేసేవాడు?"

"దిగి రేకు మీద సేత్తో కొట్టీవోడు. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే ఆపీయాల. కొట్టకపోతే ఎళ్ళడమే."

"యార్డులో, బాబాయ్?"

"సెయ్యి కనపడినంతసేపే ఇంజిన్ కదలాల. మనిషి కంటికి కనపడకుండా పోనాడంటే పడిపోనాడో, కాలు ఇరుక్కున్నాదో ఎవులికెరిక? అందుకే ఆపీయాల. నాను పక్కకెళ్ళి వ్యాగన్లు కలిపే కప్లింగు సూసుకున్నా, బీడీ ఎలిగించుకున్నా, ఇంజిన్ కదిలేది కాదు." ఆయన కొడుకు వైపు తిరిగాడు. "మరి మీ కండక్టరు కింద పడిపోతే రేకు మీద ఎవులు కొడతారు?"

దాసు కుళాయి గట్టు వైపు చూశాడు. మెల్లగా అడిగాడు, "ఆ రోజు కూడా ఇదేనా?"

"ఆ రోజు ఎవులిదో గుంటడి సైకిలు అడ్డంగా ఉండిపోనాది. తీద్దారని వొంగినాను. నువ్వు ఆపీసుంటావు కదా అని."

సంగతి అదీ. ఇద్దరూ పనిలో పండినవాళ్లే. తండ్రి దృష్టిలో సైగ లేకపోతే బండి ఆగుతుంది. కొడుకు దృష్టిలో దెబ్బ పడకపోతే బండి నడుస్తుంది. నెలల తరబడి ఒకే గల్లీలో ఒకే బండిని వెనక్కి నడుపుతూ, రెండోవాడికి వేరే లెక్క ఉంటుందని ఎవరికీ తోచలేదు. అంత మామూలు సంగతిని నోటితో చెప్పాలని ఎవరనుకుంటారు? వెలుగుండగా బాబాయి అద్దంలోంచి పక్కకు పోవాల్సిన అవసరం రాలేదు. చీకటి పడ్డాక, అడ్డం ఉన్నవి దగ్గరికెళ్తే గానీ కనపడక, రెండు అలవాట్లూ ఢీకొన్నాయి. ఇక నా దీపాలు ఆయన కళ్లలోకే కొట్టి, ఆయన్ను ఇంకాస్త త్వరగా అద్దంలోంచి పంపేశాయి.

దాసు అడిగాడు, "అయితే ఇప్పుడు అయ్య ఇంట్లో కూకుంటే సరిపోద్దా?"

ఆ ప్రశ్న నన్నే అడిగాడు, కానీ బాబాయి కూడా నావైపే చూశాడు. మిస్త్రీ మాటకు వాళ్లింట్లో అంత విలువుందని అప్పుడు తెలిసింది. నాకు తెలిసింది చెప్పాను. దీపం అద్దంలో కనపడే చోటునే వెలిగిస్తుంది. ట్రాలీ తలుపుకు ఆనుకుని ఉన్న చోటు ఏ అద్దంలోనూ కనపడదు. కెమెరా పెడితే? ఈ బండికి వెనక బొంగులు పొడుచుకుని, వాటి చివర ఎర్రగుడ్డ వేలాడుతుంటుంది. కెమెరా ఆ గుడ్డను చక్కగా చూపిస్తుంది. ఇలాంటి గల్లీకి వెనక ఒక మనిషి ఉండాల్సిందే. అయితే దారిలో కాదు.

"మరెక్కడ నిలబడతారు, అన్నయ్యా? గాలిలోనా?" అంది గ్రేసమ్మ.

కుళాయి ఎదురుగా మాలతీ మాసీ ఇంటికి అరుగుంది. ఈ ఊళ్లో దాన్ని రక్ అంటారు. మోకాలెత్తు ఉంటుంది, దాసు కూర్చునే వైపే. దాని మీద నిలబడితే గల్లీ మొత్తం కనపడుతుంది, చక్రం అక్కడికి ఎక్కదు. మాసీని అడిగితే కిటికీలోంచే బెంగాలీలో తీర్పు చెప్పింది: తన రక్ మీద పొద్దస్తమానం పనిలేనివాళ్లు కూర్చుని కబుర్లు చెబుతారు, ఒక్క పనున్న మనిషి నిలబడితే తనకు గౌరవమేనంది. ఆ వెలుగు మాత్రం తన అన్నం పళ్లెంలో పడకూడదంది.

మర్నాడు దీపాలు విప్పాను. ఈసారి వెనక చక్రాల అవతల, ట్రాలీ కింద చాసిస్‌కు బిగించాను. వెలుగు సన్నగా దూరం పోయే రకం తీసేసి, వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ రకం పెట్టాను. వాటిని కిందికి వంచి, ఒక్కోదాన్నీ కాస్త గోడ వైపు తిప్పాను. బొంగులు ఎంత పొడుచుకున్నా వాటికి అడ్డం రావు. కిందికి దిగాయి కాబట్టి తీగలను మళ్లీ పైనుంచి తిప్పి తెచ్చి, జాయింట్లను ట్రాలీ అడుగున ఎత్తులో ఉంచాను.

ఈసారి బోల్టులు బిగించే ముందు యోహాను బాబాయిని బండి వెనక ఎత్తు బల్ల మీద నిలబెట్టాను. టార్పాలిన్ దించి షాపులో చీకటి చేశాం.

"బాబాయ్, కళ్లకు కొడుతోందా?"

"కుడిది కొంచెం కొడతన్నాది. దించు. ఇంకా. సాలు. ఇప్పుడు దాసు మొకం కూడా కనపడతన్నాది అద్దంలో."

"అద్దంలో నా మొకం నీకెందుకయ్యా?" అన్నాడు దాసు లోపలి నుంచి.

"నువ్వు నన్ను సూస్తన్నావో, ఫోను సూస్తన్నావో తెలియాల కదేటి!"

ఆ సాయంత్రం గల్లీలో ముందు పాఠం జరిగింది. యోహాను బాబాయి రక్ ఎక్కి, బడి పంతులులా కొడుకును కింద నిలబెట్టాడు. చెయ్యి ఒంటికి అడ్డంగా ఊపితే తనవైపు రావాల. రెండు చేతులూ పైకెత్తితే ఆపాల. చెయ్యి కనపడకపోతే?

"ఆపాల," అన్నాడు దాసు.

గ్రేసమ్మ ఊరుకోలేదు. "మావయ్య దగ్గొచ్చి వొంగితే?"

"ఆపాల."

"మాసీ పిలిచి టీ ఇస్తే?"

"ఆపాల."

"టీ తాగీ వరకూ?"

"తాగీ వరకూ ఆపాల! కొంపదీసి టిఫిన్ కూడా ఎట్టిస్తావేటి?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. దాసు వెళ్లి బండెక్కాడు. ఈసారి నేను ఎక్కలేదు, రక్ పక్కన నిలబడ్డాను. రివర్స్ వేయగానే వెలుగు నేల మీద చాపలా పరుచుకుంది. రెండు గోడల మొదళ్లూ, కుళాయి గట్టూ, బకెట్లూ కనపడ్డాయి. అరుగు మీది మనిషి మెత్తటి వెలుగులో నిండుగా ఉన్నాడు. చెయ్యి కళ్ల మీదికి పోలేదు. ఇటూ అటూ ఊగింది, తొందర లేకుండా.

బండి సగం దూరం వచ్చింది. అప్పుడు యోహాను బాబాయి, ఎవరికీ చెప్పకుండా, చటుక్కున మాలతీ మాసీ తలుపు వెనక్కి వెళ్లిపోయాడు.

బండి ఆగింది.

ఆయన రాలేదు. తలుపు వెనక నిలబడి నాకు వేలితో 'మాట్లాడకు' అని సైగ చేశాడు. ఇంజిన్ అదే చోట గుడుగుడుమంటోంది. వెనక ఎవరో సైకిలు గంట కొట్టారు. మాసీ "ఇంకెంతసేపు?" అని విసుక్కుంది. చక్రం అంగుళం కూడా కదల్లేదు. దాసు హారన్ కొట్టలేదు, తల బయటికి పెట్టి అరవలేదు. అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు.

బాబాయి తువ్వాలుతో ముఖం తుడుచుకుని మళ్లీ అరుగు మీదికి వచ్చాడు. చెయ్యి ఊపాడు. బండి కదిలింది. ఇంటి ముందుకు చేరాక రెండు చేతులూ పైకెత్తాడు. బండి ఆగింది. దాసు దిగి, తుడుచుకోవడానికి ఏమీ లేకపోయినా చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, కానీ ఈసారి నవ్వుతున్నాడు.

"సరిపోయిందా, గార్డు బాబూ?"

"గార్డు కాదురా, షంటింగు!" అన్నాడు ఆయన.

వాళ్లింట్లో ఏ కొత్త పని మొదలైనా ప్రార్థన ఉంటుంది. యోహాను బాబాయి వేడిగా ఉన్న బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. మేమంతా తలలు వంచాం. చిన్న ప్రార్థనే. ముందు కూర్చున్నోడికి ఓపిక ఇయ్యమని, వెనకాల ఉన్నోళ్లను కాపాడమని. ఆమేన్ అన్నాక బండి వెనక్కి వెళ్లి, కొత్త దీపాల్లో ఒకదాన్ని పట్టుకుని ఊపి చూశాడు. గట్టిగానే ఉంది.

ఆ పూజల కాలమంతా బండి రోజూ ఇల్లు చేరింది. ఇప్పటికీ చేరుతోంది. సాయంత్రం చొక్కా మార్చుకుని యోహాను బాబాయి రక్ ఎక్కుతాడు. మాసీ నిజంగానే టీ ఇస్తుందట. ఆయన తాగినంతసేపూ బండి ఆగుతుందట. గ్రేసమ్మ చర్చిలో నాతో ఫిర్యాదు చేస్తుంది, నవ్వుతూనే.

నాకు మాత్రం ఫోర్‌మన్ చెప్పని సగం పాఠం దొరికింది. డ్రైవర్‌ని అడిగితే డ్రైవర్‌కి ఏం కావాలో తెలుస్తుంది. దీపం పెట్టేది డ్రైవర్ కోసమే అయినా, ఆ వెలుగులో నిలబడేది వేరే మనిషి. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో, ముఖ్యంగా ఏం చెప్పుకోలేదో తెలియకుండా నా పని పూర్తి కాదు.

ఇప్పుడు వెనక దీపాలు కావాలని ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: వెనక నిలబడేది ఎవరు? భార్య అంటారు, గోడౌను కాపలాదారు అంటారు, తమ్ముడు అంటారు. ఒకసారి తీసుకురమ్మంటాను. కొందరు నవ్వుతారు, దీపానికీ మా తమ్ముడికీ ఏం సంబంధమని. అయినా తీసుకొస్తారు. ఆ మనిషిని బండి వెనక నిలబెట్టి, చీకటి చేసి, దీపం వేస్తాను. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే దించుతాను, ఇంకా పెట్టుకుంటే ఇంకా దించుతాను. ఆ చెయ్యి కళ్లను వదిలి హాయిగా ఊగిన తర్వాతే బోల్టు బిగిస్తాను.